మీటరక్క బొటనవేలు

మీటరక్క అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ తెలీదు. అడిగితే, సైకిల్ షాపు పక్కన మందులు అమ్మే ఆయన కూడా కాసేపు బుర్ర గోక్కుని, "మీటరక్కే కదండీ, ఇంకో పేరెందుకు?" అంటాడు. ఆ పేరు ఊరికే రాలేదు. ఏ సైకిలైనా సరే, టైరు మీద కుడి బొటనవేలు పెట్టి ఒక్క నొక్కు నొక్కితే చాలు, లోపల గాలి ఎంత ఉందో చెప్పేసేది. ముప్పై రెండు అంటే ముప్పై రెండే. మీటరు పెట్టి చూస్తే ముల్లు బుద్ధిగా అక్కడే నిలబడేది. ఒకసారి మీటరు ముప్పై ఐదు చూపించింది, ఈవిడ ముప్పై అంది. చుట్టూ చేరినవాళ్ళు "దొరికిపోయావక్కా!" అని చప్పట్లు కొట్టారు. తీరా చూస్తే పాడైంది మీటరు. అప్పట్నుంచీ ఆవిడే మీటరు.

ఇది పుట్టుకతో వచ్చిన విద్యేం కాదు. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చేనాటికి ఆమెకి సైకిలు తొక్కడం కూడా రాదు. షాపు మామగారిది. ఆయన అక్కడ ఒక పద్ధతి పెట్టాడు: ముందు వేలు, తరవాత మీటరు. ఎవరు పనిలో చేరినా కళ్ళు మూసుకుని టైరు నొక్కాలి, అంకె చెప్పాలి, ఆ తరవాతే మీటరు ముట్టుకోవాలి. కన్నకొడుక్కి చిన్నప్పట్నుంచీ నేర్పినా వేలు కుదరలేదు. కోడలు మాత్రం, మధ్యాహ్నం క్యారేజీ తెచ్చినప్పుడల్లా సరదాకి ఒక టైరు నొక్కుతూ నొక్కుతూ, చూస్తుండగానే అందర్నీ దాటిపోయింది. "ఒరేయ్, నీ పెళ్ళాం వేలు బంగారం. నువ్వు బ్రేకులూ గొలుసులూ చూసుకో, చక్రాలు అమ్మాయికి వదిలెయ్" అన్నాడు మామగారు. ఇంకో మొగుడైతే ముఖం మాడ్చుకునేవాడు. ఈయన మొహం చేటంత చేసుకుని వీధి వీధంతా చెప్పుకొచ్చాడు. పెళ్ళాం గొప్ప చెప్పడం మొదలెడితే ఆయనకి ఆకలి కూడా గుర్తురాదు.

జబ్బు ముందు కంటికి వచ్చింది. ఒక కన్ను మసకేసింది, కొన్నాళ్ళకి దానంతటదే తగ్గింది. తరవాత ఎడమకాలు బరువెక్కింది, అదీ తగ్గింది. పనిలో పడి ఆమె పట్టించుకోలేదు. ఒకరోజు టైరు నొక్కి, "ఏం రబ్బరండీ ఇది, చచ్చుబడిపోయింది" అని విసుక్కుంది. ఇంకో టైరు నొక్కింది, అదీ అంతే. షాపులో ఉన్నవన్నీ నొక్కాక గానీ తెలిసిరాలేదు, చచ్చుబడింది రబ్బరు కాదు, తన వేలని.

పెద్దాసుపత్రిలో నరాల డాక్టరమ్మ జబ్బు పేరు చెప్పింది. మల్టిపుల్ స్క్లెరోసిస్. ఒంటిని కాపాడాల్సిన రక్షణ బలగమే పొరబడి, నరాల మీదుండే తొడుగుని కొరికేస్తుందట. మీటరక్క కాసేపు ఆలోచించి, "బ్రేకు కేబులు లాగన్నమాట. లోపల తీగ ఉంది, పైన తొడుగు చినిగింది. ఇక్కడ నొక్కితే అక్కడ పడదు" అంది.

"అచ్చం అంతే" అంది డాక్టరమ్మ.

"మరి కొత్త తొడుగు వెయ్యండి."

"అదే ఇంకా మాకు చేతకాలేదమ్మా. ఉన్నది ఇంకా చినిగిపోకుండా చూసే ఇంజెక్షన్ ఉంది. అది మొదలెడదాం."

ఇంజెక్షన్లు మొదలయ్యాయి. కన్ను బాగానే ఉంది, కాలు కాస్త ఈడ్చినా నడిపిస్తూనే ఉంది. వేలు మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా పడుంది. "కాలు పోతే కుర్చీలో కూర్చుని చక్రాలు సరిచేస్తా. వేలు పోతే నేనెవర్ని?" అని ఆమె ఒక్కసారే అంది, వాళ్ళాయనతో. మర్నాడు పొద్దున ఆమె స్టూలు పక్కన మేకుకి ఒక కొత్త మీటరు వేలాడుతోంది. ఆమె దాన్ని తీసి సొరుగులో పడేసి, ఆ పూటంతా ఆయనతో మాట్లాడలేదు. నచ్చచెప్పబోతే ఒంటికాలి మీద లేచింది.

సరిగ్గా అప్పుడే ఆడబిడ్డ ఊడిపడింది. ఊరందరి రోగాలకీ వైద్యం ఈమె దగ్గరుంటుంది. పాపం, మనసు మంచిది.

"వదినా, నీకో మాట చెప్పాలి. మీ ఆసుపత్రిలోనే ఒక పెద్ద ఇనప గొట్టం ఉందట. అందులో కూర్చోబెట్టి తలుపేసి, ఒత్తిడి పెంచి, ఆక్సిజన్ పీల్పిస్తారట. సముద్రం అడుగుకి దిగి పనిచేసేవాళ్ళకి చేసే వైద్యమట. మీ జబ్బువాళ్ళకి లేచి పరిగెత్తేంత బలం వస్తోందట!"

"ఎవరు పరిగెత్తారే?"

"మా పక్కింటావిడ తోడికోడలి అన్నయ్య చూశాడట."

"పరిగెత్తిన మనిషినా, చూసిన మనిషినా ఆ అన్నయ్య?" అని మీటరక్క దెప్పింది గానీ, ఒత్తిడి అన్న మాట చెవిన పడ్డాక ఇంక ఆమె ఆగే రకం కాదు. ఒత్తిడితోనే కదా ఆమె బతుకంతా గడిచింది! మూడోనాడు ముగ్గురూ కలిసి డాక్టరమ్మ ముందు కూర్చున్నారు.

డాక్టరమ్మ ఆడబిడ్డ ఉత్సాహం మీద కాసిని నీళ్ళు చల్లింది. "గొట్టం ఉన్న మాట నిజం. అది మీ జబ్బుకి పనిచేస్తుందో లేదో మాకు తెలీదు. బాగుందన్నవాళ్ళున్నారు, ఏమీ లేదన్నవాళ్ళున్నారు. ఎవరి మాట నమ్మాలో తేల్చడానికే ఇప్పుడు పరీక్ష పెడుతున్నాం. అందరూ ఒకే గదిలో, ఒకే ఒత్తిడిలో కూర్చుంటారు. అందరికీ మాస్కులుంటాయి. సగం మాస్కుల్లోకి ఆక్సిజన్ వస్తుంది, సగం మాస్కుల్లోకి మామూలు గాలి. ఎవరికి ఏది వస్తోందో మీకు తెలీదు, నాకూ తెలీదు. చివర్లోనే తెరిచి చూస్తాం."

"మామూలు గాలి పీల్చడానికి అంత దూరం రావాలా? మా షాపులో బోలెడుంది" అన్నాడు వాళ్ళాయన.

"మీకూ తెలీకపోతే ఎవరికి తెలుసు?" మీటరక్క ముందుకు జరిగింది. "గొట్టం నడిపేవాడికి?"

"బయట మీటలు సర్దేవాడికి ఒక్కడికే. అతను మాతో మాట్లాడడు."

"మరి ఎవరు కొలుస్తారు? కొలిచేవాళ్ళకీ తెలీదా?"

"వాళ్ళకి అసలే తెలీకూడదు."

ఆ మాట మీటరక్కకి వింతగా తోచింది. తమ షాపులో గాలి కొట్టిన మనిషే కొలుస్తుంది. తనకి తెలిసినంతలో కొలవడమంటే తెలుసుకోవడం. తెలీకుండా ఉంటేనే కొలత బాగా వస్తుందంటే అదేం చోద్యం? ఆ చోద్యమేదో చూడాలనే సంతకం పెట్టింది. వేలు మీద ఆశ లేదని కాదు. ఆశ కొండంత ఉంది.

గొట్టం గది దగ్గర మొదటి గొడవ గోళ్ళతో వచ్చింది. ఆక్సిజన్ ఉన్నచోట జిడ్డు ఉంటే నిప్పంటుకోవచ్చట. గేటు దగ్గర నిలబడ్డ నర్సు ఆమె చేతులు చూసి గుండె మీద చెయ్యేసుకుంది. ఏళ్ళ తరబడి గొలుసు నూనె తాగిన గోళ్ళవి. సబ్బు పెట్టి, బ్రష్షు పెట్టి రుద్దితే తోలు ఎర్రబడింది గానీ నలుపు పోలేదు. చివరికి గోళ్ళు మొదలంటా కత్తిరించి, మరోసారి రుద్ది, నూలు గౌను తొడిగి లోపలికి పంపారు. "పెళ్ళికి కూడా నన్నింత ముస్తాబు చెయ్యలేదమ్మా" అంది మీటరక్క.

లోపల అటూ ఇటూ కుర్చీలు, గుండ్రటి గాజు కిటికీలు, గోడలోంచి వచ్చిన మాస్కుల పైపులు. తలుపు బిగిశాక బుస్సుమని శబ్దం మొదలైంది. చెవులు దిబ్బడేశాయి. ముక్కు పట్టుకుని ఊదమన్నారు, ఊదింది, టప్పున తెరుచుకున్నాయి. గది వెచ్చబడింది. ఎదురు కుర్చీలో ఉన్న పెద్దాయన "ఏసీ పాడైందా ఏంటి?" అన్నాడు.

"ఏసీ కాదండీ. పంపు కొట్టేటప్పుడు పంపు అడుగున చెయ్యి పెట్టి చూడండి, కాలుతుంది. గాలిని కుక్కితే వేడెక్కుతుంది. తిరిగి వదిలేటప్పుడు చూడండి, చలేస్తుంది" అంది మీటరక్క.

నిజంగానే, ఒత్తిడి దించేటప్పుడు గది చల్లబడి సన్నటి మంచులాంటి పొగ కమ్మింది. పెద్దాయన సంతోషించి స్నేహం కలిపేశాడు. ఆయన లెక్కల మాస్టారు. రెండు కాళ్ళూ బిగుసుకుపోయి చేతికర్ర మీద నడుస్తాడు. కూర్చున్నంతసేపూ మాస్కు తీసే విరామం ఎప్పుడొస్తుందా అని చూసి, రాగానే కబుర్లు.

రెండో వారంలో మీటరక్క ఒక సంగతి కనిపెట్టింది. తన ఖాళీ ప్లాస్టిక్ నీళ్ళ సీసా మూత బిగించి పక్కన పెడితే, గొట్టంలో ఒత్తిడి పెరిగేకొద్దీ అది చొట్టలు పడి నలిగిపోయింది. "మాస్టారూ! ఒత్తిడి నిజమేనండీ! అయితే నాకు అసలు వైద్యమే ఇస్తున్నారు!" అని గంతులేసినంత పని చేసింది.

మాస్టారు తన సీసా ఎత్తి చూపించాడు. అదీ నలిగింది. వరసలో అందరి సీసాలూ నలిగాయి. "ఒత్తిడి అందరికీ నిజమేనమ్మాయ్. తెలీనిది మాస్కులో వచ్చేదే" అన్నాడు. ఆయన అలా గాలి తీసేశాక మీటరక్క మాస్కు పెట్టుకుని కుక్కలా వాసన చూసింది. రబ్బరు వాసన తప్ప ఏమీ తెలీలేదు.

కొలిచే పని వేరే గదిలో, వేరే మనిషిది. మీటరక్క ఆయనకి కొలతలాయన అని పేరు పెట్టింది. వరండాలో నడిపిస్తాడు, అక్షరాలు చదివిస్తాడు, ఒక చెక్కలో చిల్లుల్లోకి చిన్న చిన్న పుల్లలు గుచ్చిస్తూ గడియారం పట్టుకుంటాడు. మొహంలో నవ్వూ ఉండదు, విసుగూ ఉండదు. గోడ గడియారం నయం, అదన్నా టిక్కుటిక్కుమంటుంది. "బాగా చేశానా?" అని అడిగితే "చేశారు" అంటాడు. "పోయినసారి కంటే?" అంటే "ఎడమ చెయ్యి పెట్టండి" అంటాడు.

"ఒక్క మంచి మాట అంటే ఆయన సొమ్మేం పోతుందండీ?" అని ఇంటికొచ్చి మొగుడి దగ్గర వాపోయింది.

"ఆసుపత్రి వాళ్ళకేం తెలుసే నీ వేలు సంగతి? మనం చూద్దాం పద, మన పద్ధతిలో" అన్నాడాయన.

అలా మొదలైంది ఇంటి పరీక్ష. పొద్దున షాపు తెరవగానే ఆయన టైర్లు వరసగా పెట్టి, ఒక్కోదాంట్లో ఒక్కోలా గాలి నింపేవాడు. ఆమె కళ్ళు మూసుకుని నొక్కి అంకె చెప్పేది. ఆయన మీటరు పెట్టి చూసి ఫలితం చెప్పేవాడు. మొదటిరోజే "కరెక్టే!" అన్నాడు. ఆమె నమ్మలేదు. వేలికి తిమ్మిరి అలాగే ఉంది మరి. రెండోదీ కరెక్టే అన్నాడు. రోజులు గడిచినా ఒక్క తప్పూ రాలేదు. "తిమ్మిరి ఉంటే ఉండనీ, లోపల తెలుస్తోందన్నమాట" అనుకుంది. అనుకున్నాక నిజంగానే తెలుస్తున్నట్టుండేది.

ఇంకేముంది! మీటరక్క మళ్ళీ స్టూలెక్కింది. వచ్చిన బండికల్లా తనే గాలి కొట్టి, తనే నొక్కి, అయిందని పక్కన పెట్టేది. "నువ్వు పద, నేను షట్టరు వేసొస్తా" అని వాళ్ళాయన రోజూ వెనక ఉండిపోయేవాడు. పనిమీద శ్రద్ధ పెరిగిందనుకుని ఆమె మురిసిపోయింది. ఆడబిడ్డ ఫోన్ల మీద ఫోన్లు చేసి, మా వదిన వేలు తిరిగొచ్చిందని నలుగురికి కాదు, నలభైమందికి చెప్పింది.

ఒక్కటే తిక్కగా ఉంది. కొలతలాయన గదిలో పుల్లలు మాత్రం ఎప్పట్లాగే జారిపడుతున్నాయి. ఇంట్లో టైరు చెప్పగలిగిన వేలు అక్కడ పుల్ల ఎందుకు పట్టదు? మీటరక్క బుర్రలో ఒకసారి ప్రశ్న పడిందంటే టైర్లో ముల్లు దిగినట్టే, తీసేదాకా బండి నడవదు. వెళ్ళి డాక్టరమ్మనే నిలదీసింది.

"మీ కొలతలాయనకి నేనంటే పడదేమో. ఆయన మొహం చూస్తేనే నా చేతులు బిగుసుకుపోతున్నాయి."

డాక్టరమ్మ నవ్వింది. "ఆయనకి మీరంటే పడితేనే ప్రమాదమమ్మా. మీకు బాగవ్వాలని ఆయన కోరుకున్నాడనుకోండి. చివరి పుల్ల చిల్లు దగ్గరికి రాగానే గడియారం ఆపేస్తాడు, ఇంకా గుచ్చకుండానే. మోసం చెయ్యాలని కాదు. తనకే తెలీదు. మన మంచి కోరేవాళ్ళు కొలిస్తే మనం ఎప్పుడూ బాగానే ఉంటాం. అందుకే ఏమీ తెలీని మనిషిని, ఏమీ అనని మనిషిని పెట్టాం."

మీటరక్క "ఓహో" అని లేచింది. వరండా సగం దాటాక కాళ్ళు ఆగిపోయాయి. ఇంట్లో కొలుస్తున్నదెవరు? ఈ భూమ్మీద తన మంచి అందరికంటే ఎక్కువ కోరే మనిషి.

ఆ సాయంత్రం వాళ్ళాయన టీ తాగడానికి వెళ్ళినప్పుడు ఆమె మీటరు మూతి విప్పింది. టైరు నోట్లో పెట్టగానే గాలిని తెరిచే చిన్న సూది ఒకటి అందులో ఉంటుంది. అది తీసి కొంగుకి ముడేసుకుని, మూతి మళ్ళీ బిగించేసింది. ఇప్పుడు ఏ టైరుకి పెట్టినా ముల్లు సున్నా మీంచి కదలదు. కదలని ముల్లుని చూస్తే ఎవరైనా "ఇదేంటే, మీటరు పాడైందే" అంటారు. అనాలి. దేవుడా, ఆ మాట అనేలా చూడు అని ఆమె మనసులో మొక్కుకుంది.

మర్నాడు పొద్దున ఎప్పట్లాగే టైర్లు పెట్టాడు. ఆమె కళ్ళు మూసుకుని నొక్కింది.

"ముప్పై ఐదు."

మీటరు పెట్టిన చప్పుడైంది. పాడైందని అంటాడని ఆమె ఎదురుచూసింది.

"కరెక్ట్! ఒక్క గీత అటూ ఇటూ లేదు. ఏం వేలే నీది!"

ఆమె కళ్ళు తెరిచింది. ఆయన చేతిలో మీటరుంది. ముల్లు సున్నా మీద ఉంది. ఆయన చూపు ముల్లు మీద లేదు, ఆమె మొహం మీదుంది. అసలు మీటరు వైపు చూడనేలేదు.

"ఇటివ్వండి" అంది. కొంగుముడి విప్పి సూది అరచేతిలో పెట్టి చూపించింది. ఆయనకి అర్థమై, పక్కనున్న పాత టైర్ల మీద కూలబడ్డాడు.

"ఎప్పట్నుంచి?" అంది.

"మొదటి రెండూ నువ్వు నిజంగానే సరిగ్గా చెప్పావే. ఒట్టు. మూడోది తప్పు. చెబుదామనే తలెత్తా. నువ్వు కళ్ళు మూసుకుని, పెదాలు బిగించుకుని నిలబడ్డావు. నీ మొహం చూసి నాకు నోరు రాలా. కరెక్టని అనేశా. ఒకసారి అన్నాక మర్నాడు కాదని ఎలా అనను?"

"మరి నేను గాలి కొట్టిన బళ్ళు?"

"ఒక్కటీ చూడకుండా పంపలేదు. నువ్వు వెళ్ళాక అన్నిట్లోనూ మళ్ళీ గాలి సరిచేసేవాణ్ణి. నువ్వున్నప్పుడే బండి తీసుకెళ్తామంటే ఏదో సాకు చెప్పి ఆపేసేవాణ్ణి."

ఆమెకి కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, ఆ మనిషిని చూస్తే జాలి కూడా వేసింది. ముందు కోపమే బయటపడింది. "నేను మీకు పెళ్ళాన్నా, ఉయ్యాల్లో పిల్లనా? జబ్బు నాది. వేలు నాది. అది బతికుందో లేదో మీకు తెలుసు, నాకు తెలీదు! వీధిలో అందరి ముందూ నన్నక్కడ కూర్చోబెట్టి నాటకం ఆడించారు!"

"తప్పేనే."

"ఆసుపత్రిలో ఆ మనిషి నవ్వడని ఆడిపోసుకున్నా. నాకు నిజం చెబుతున్నవాడు ఆయనొక్కడే."

ఆమె సూదిని తిరిగి మీటర్లో పెట్టి, ఒక్కతే కూర్చుని టైర్లన్నీ నొక్కింది. నొక్కడం, అంకె చెప్పుకోవడం, మీటరు చూడడం. పద్దెనిమిదిని ముప్పై అంది, నలభైని ఇరవై ఐదంది. ఒకటో రెండో గుడ్డిగా తగిలాయి. అన్నీ అయ్యాక అప్పుడు ఏడ్చింది, వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన దగ్గరికి రాబోతే వద్దని చెయ్యి ఊపింది.

సంగతి తెలిసి ఆడబిడ్డ పరిగెత్తుకుంటూ వచ్చింది. "పోనీలే వదినా, ఇంక ఆ గొట్టం మానెయ్. నీ ప్రాణానికి ఎందుకొచ్చిన తిప్పలు?"

"మానెయ్యడమా? ఇప్పుడా? మా ఇంటి కొలత తప్పని తేలింది గానీ గొట్టం సంగతి తేలలేదు కదే. మధ్యలో దిగిపోతే ఆ డాక్టరమ్మ లెక్క కుంటిదవుతుంది. అదేంటో చూసే దిగుతా" అంది మీటరక్క. బాధలో కూడా ఆమెకి తెలుసుకోవాలన్న యావ చావలేదు. కొలతలాయన గదిలోకి ఇప్పుడు వేరే మనిషిలా వెళ్ళేది. బాగా చేశానా అని అడగడం మానేసింది. పుల్ల పడితే పడిందని ఊరుకునేది.

మాస్టారి సంగతి మాత్రం విచిత్రంగా ఉంది. ఆయన కర్ర లేకుండా వరండా దాటుతున్నాడు. "నాకు ఆక్సిజనే అమ్మాయ్, సందేహం లేదు" అని విరామంలో గొప్పలు పోయేవాడు. లెక్కల మాస్టారై ఉండి అలా ఎలా అంటారండీ అని ఈమె ఏడిపించేది.

చివరికి లెక్క తెరిచే రోజు వచ్చింది. అందర్నీ ఒక హాల్లో కూర్చోబెట్టి డాక్టరమ్మ చెప్పింది. ఆక్సిజన్ పీల్చినవాళ్ళలో కొందరికి మెరుగైంది, కొందరికి ముదిరింది, ఎక్కువమంది ఉన్నచోటే ఉన్నారు. మామూలు గాలి పీల్చినవాళ్ళలోనూ అంతే. రెండు గుంపుల్నీ పక్కపక్కన పెడితే చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. "ఈ జబ్బుకి ఈ వైద్యం పనిచేస్తుందని మా పరీక్షలో తేలలేదు. మీకు ఇంతకంటే మంచి కబురు చెప్పాలని నాకూ ఉండేది" అంది.

తరవాత ఒక్కొక్కరికీ విడిగా చెప్పారు. మాస్టారికి వచ్చింది మామూలు గాలి. మీటరక్కకి వచ్చింది అసలైన ఆక్సిజన్.

మాస్టారు తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. "మరి నా కాళ్ళు?"

"ఈ జబ్బు వస్తూ పోతూ ఉంటుంది మాస్టారూ. దానంతటది తగ్గినప్పుడు మనం ఏ కుర్చీలో కూర్చునుంటే ఆ కుర్చీకి దండం పెడతాం" అంది డాక్టరమ్మ.

"కాళ్ళు నడుస్తున్నాయి కదండీ, ఎలా నడిస్తే ఏం? వచ్చింది తీసుకోండి" అని మీటరక్క ఆయన భుజం తట్టింది. తరవాత తిన్నగా కొలతలాయన గదికి వెళ్ళింది. ఇంక దాచాల్సిందేమీ లేదు కదా, ఇప్పుడన్నా చెప్పమంది. నా వేలు మొదట్నుంచీ ఎలా ఉందని అడిగింది.

"మొదటిరోజు ఎలా ఉందో చివరిరోజూ అలాగే ఉందమ్మా" అన్నాడాయన. అని, గడియారాన్ని బల్ల మీద పెట్టి, మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు. "బాగా చేశారని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. మింగేశాను."

"మంచి పని చేశారు బాబూ" అంది మీటరక్క. మనస్ఫూర్తిగా అంది.

బస్సులో ఆడబిడ్డ దిగాలుగా కూర్చుంది. "ఇన్నాళ్ళ శ్రమా వృథానేనా వదినా?"

"వృథా ఏంటే పిచ్చిదానా. రేపు ఇంకెవరి ఆడబిడ్డో గొట్టం గొట్టం అంటూ పరిగెత్తుకొస్తే, చెప్పడానికి మనదగ్గర ఒక మాటుంది" అంది. ఆ మాట ధైర్యంగానే అంది గానీ, తరవాత ఇల్లు చేరేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది.

మర్నాడు షాపు తెరిచేసరికి పాలాయన బండి తోసుకుంటూ వచ్చాడు. ఆసుపత్రి కబుర్లు అతనికి తెలీవు. వెనక చక్రం చూపించి, "మీటరక్కా, ఒక నొక్కు నొక్కి చెప్పు, బరువు వేసుకెళ్ళాలి" అన్నాడు. పక్కన మందుల షాపాయన, టీ తాగుతున్న ఇద్దరు ముగ్గురు, అందరూ అలవాటుగా ఇటు తిరిగారు.

మీటరక్క చెయ్యి కూడా అలవాటుగానే వెళ్ళింది. నొక్కింది. "నలభై" అంది. తనకేమీ తెలీలేదని ఆమెకి తెలుసు. అంకె చెప్పి మొగుడి వైపు తిరిగింది.

ఆయన మీటరు తీసుకున్నాడు. వీధి చూస్తోంది. ఆమె కళ్ళు మూసుకోలేదు, ఆయన మొహంలోకే చూస్తూ ఉంది. ఆయన ముల్లు చూశాడు, ఆమెని చూశాడు, మళ్ళీ ముల్లు చూశాడు.

"కాదు" అన్నాడు. మీటరు ఆమె వైపు తిప్పి మళ్ళీ అన్నాడు, "కాదే. ఇరవై రెండుంది."

పాలాయన నవ్వబోయి ఆగిపోయాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కాపురం మొదలైనప్పట్నుంచీ ఆయన ఆమె మాట నలుగురిలో కాదనడం అదే మొదలు. ఆయన కళ్ళనిండా నీళ్ళు.

"నా వేలు పనిచెయ్యట్లేదు బాబూ. ఇంక ఈ షాపులో మీటరే మీటరు" అని మీటరక్క పాలాయనతో వీధిలో అందరికీ వినపడేలా అంది. స్టూలు మీంచి దిగి, పంపు టైరుకి తగిలించి, రెండు చేతులతో పిడి పట్టుకుంది. "మీరు ముల్లు చూడండి" అంది ఆయనతో.

కొట్టడం మొదలెట్టింది. ఎడమకాలు తడబడింది, నిలదొక్కుకుని కొట్టింది.

"చాలా?"

"ఇంకా లేదు."

ఇంకాసేపు కొట్టింది. "ఇప్పుడో?"

"కొంచెం."

"ఇప్పుడు?"

"చాలు" అన్నాడాయన.

ఆమె ఆగింది. వేలు పెట్టి చూడకుండానే పంపు తీసేసి, బండి పాలాయన చేతికిచ్చింది.